చీకటి గదిలోకి వెలుగు దారి: మన గోదావరి ఇళ్ళ కోసం

ఇల్లు చీకటిగా ఉంది, ఇరుకుగా ఉంది అనగానే ఎవరైనా చెప్పేవి రెండే మాటలు. తెల్లరంగు వేయించండి, ఇంకో ట్యూబ్‌లైటు పెట్టించండి. రెండూ పనికొచ్చేవే, కాకపోతే ఆఖర్న చేసే పనులు. ముందు తేల్చుకోవాల్సింది ఆ గదిలోకి పగటి వెలుగు రావడానికి దారి ఉందా, ఉంటే మధ్యలో దానికి ఏం అడ్డం పడుతోంది అన్నది. మన వైపు, అటు అమలాపురం రాజోలు నుంచి ఇటు పాలకొల్లు భీమవరం దాకా, నేను చూసిన చీకటి గదుల్లో చాలావాటికి కిటికీ ఉంది. దాని ముందు బీరువా ఉంటుంది, లేదా దండెం నిండా బట్టలు వేలాడుతుంటాయి, లేదా బయట అరటి మొక్కలు గుబురుగా పెరిగి కిటికీని మూసేసి ఉంటాయి, లేదా చూరు మరీ కిందికి దిగి ఉంటుంది. వీటిల్లో సగం పైసా ఖర్చు లేకుండా బాగుపడతాయి.

మొదట చేయాల్సింది ఇది. పొద్దున్న పదింటప్పుడు ఇంట్లో లైట్లన్నీ ఆపేసి ఒక్కో గదిలోకి వెళ్ళి నేల మీద కూర్చోండి. కూర్చున్న చోటి నుంచి కిటికీలోంచో గుమ్మంలోంచో ఆకాశం ఒక ముక్కయినా కనబడుతోందా చూడండి. కనబడితే అక్కడ లైటు లేకుండా పేపరు చదువుకోవచ్చు. కొంచెం కొంచెం వెనక్కి జరుగుతూ రండి, ఒకచోట ఆకాశం మాయమై ఎదురుగోడో చెట్టో సన్‌షేడో మాత్రమే మిగులుతుంది. అక్కడ సుద్దముక్కతో నేల మీద గీత గీయండి. ఆ గీతకు అవతల ఉన్నదంతా చీకటి భాగం. గోడలకు ఏ రంగు వేసినా అక్కడికి నేరుగా వెలుగు రాదు, ఏదో ఒకదానికి తగిలి మళ్ళీ రావాల్సిందే. మధ్యాహ్నం మూడింటప్పుడు ఇంకోసారి చూడండి, గదుల మధ్య తేడా తెలుస్తుంది. ఇక మనం చేయబోయే ప్రతి పనీ ఆ గీతను ఇంకొంచెం లోపలికి జరపడానికి, లేదంటే గీత దాటిన చోటికి వెలుగును మళ్ళించడానికి.

కిటికీ దగ్గర మొదలుపెడదాం

కిటికీలో పై అడుగుకూ కింది అడుగుకూ చాలా తేడా ఉంది. కిటికీ పైభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, దానికి సుమారు రెండింతల దూరం వరకు గదిలోకి పనికొచ్చే వెలుగు వస్తుందని ఇళ్ళు కట్టేవాళ్ళకు ఒక మోటు లెక్క ఉంది. ఏడడుగుల ఎత్తున లింటెల్ (కిటికీ పైన గోడ బరువు మోసే అడ్డ దూలం) దగ్గర పైభాగం ఉంటే పద్నాలుగు అడుగుల దాకా అన్నమాట, మామూలు గదికి అది చాలు. కానీ మనం సరిగ్గా ఆ పై అడుగునే కర్టెన్ మడతలతో, తోరణాలతో, కర్టెన్ రాడ్డును దాచడానికి పైన పెట్టిన చెక్క పెట్టె, అదే పెల్మెట్‌తో మూసేస్తాం. అందుకే కర్టెన్ రాడ్డును కిటికీ చట్రం కంటే అర అడుగు పైకి, అటూ ఇటూ ముప్పావు అడుగు వెడల్పుగా బిగించండి. అప్పుడు కర్టెన్ పక్కకు లాగితే గుడ్డంతా గోడ మీదికి పోతుంది, కిటికీ మొత్తం తెరుచుకుంటుంది, పైగా కిటికీ ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. పక్కింటివాళ్ళ చూపు పడుతుందని కర్టెన్ తీయలేని వాళ్ళు కింది సగానికి మాత్రం పల్చటి నూలు గుడ్డ కట్టి పై సగాన్ని వదిలేయండి. మనుషుల చూపు కింది నుంచి పడుతుంది, ఆకాశం పై నుంచి కనబడుతుంది.

పాత ఇళ్ళలో కిటికీ రెక్కలు నిండు చెక్కవి. వాన వస్తే మూయాలి, మూస్తే చీకటి. వడ్రంగి చేత రెక్క చట్రాన్ని అలాగే ఉంచి మధ్య పలకలు తీయించి పిన్‌హెడ్ గ్లాసు వేయించండి. వెలుగు వస్తుంది, లోపలి మనుషులు కనబడరు. కొత్త కిటికీ చేయించడం కంటే చాలా తక్కువలో అయిపోతుంది, పాత టేకు కూడా పోదు. గుమ్మం పైన పలక ఉంటే దానికీ ఇదే పని చేయించండి.

దోమల మెష్ సంగతి వేరే చెప్పాలి. కాలువలు, చేపల చెరువులు, వరి చేలు మధ్య ఉన్నవాళ్ళం, మెష్ తీసేయండి అని ఎవరూ చెప్పలేరు. కానీ కొత్త మెష్ కూడా కొంత వెలుగు తినేస్తుంది, ఆరునెలల దుమ్ము, వంటింటి జిడ్డు పట్టిన మెష్ అయితే గోనెపట్టా కట్టినట్టే. మేకులు కొట్టి శాశ్వతంగా బిగించకుండా వెల్క్రో పట్టీతోనో అయస్కాంతం పట్టీతోనో ఊడదీసేలా పెట్టించుకోండి. నెలకోసారి తీసి సబ్బునీళ్ళలో ముంచి మెత్తటి బ్రష్షుతో రుద్ది ఆరబెట్టండి. ఆ రోజు ఆ గదిలోకి వెళ్ళి చూస్తే ఎవరికీ చెప్పక్కర్లేకుండానే తేడా తెలుస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్ళవాళ్ళు ఇనప చట్రాల జోలికి పోవద్దు, ఉప్పుగాలికి తుప్పు పట్టి ఆ మరకలే గోడ నిండా కారతాయి. అల్యూమినియం, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) చట్రాలు మేలు.

తర్వాత దండెం. వానాకాలంలో గదికి అడ్డంగా దండెం కట్టి తడిబట్టలు ఆరేయడం మనకు మామూలే. ఆ బట్టలు వెలుగునూ ఆపుతాయి, గోడలకు చెమ్మనూ ఇస్తాయి. దండెం వసారాలోకి మార్చండి. వసారా లేకపోతే గోడకు బిగించి అవసరమైనప్పుడు లాక్కునే స్టాండు కొనుక్కోండి, మధ్యలో దండెం మాత్రం వద్దు.

ఎండ ఎటు నుంచి వస్తుందో

కొత్త కిటికీ పెట్టించే అవకాశం ఉన్నవాళ్ళు ఇది తెలుసుకుని పెట్టించుకోండి. మన డెల్టా దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఈ రెండింటికీ మధ్య ఉన్న రోజుల్లో మధ్యాహ్నపు ఎండ కొద్దిగా ఉత్తరం నుంచి పడుతుంది. డిసెంబరుకు దక్షిణానికి దిగిపోయి, మధ్యాహ్నం కూడా సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అందుకని రెండడుగుల సన్‌షేడ్ ఉన్న దక్షిణం కిటికీకి వేసవిలో భయం లేదు, చలికాలంలో మాత్రం చక్కగా ఎండ లోపలికి వస్తుంది. ఉత్తరం కిటికీ ఏడాదిలో ఎక్కువ రోజులు దాదాపు ఒకే తీరు వెలుగు ఇస్తుంది, వేడి తక్కువ. తూర్పు సంగతి చెప్పక్కర్లేదు. పడమర కిటికీ ఒక్కటే ఆలోచించి పెట్టించాలి, ఏప్రిల్ మే నెలల్లో మధ్యాహ్నం రెండు దాటాక ఏటవాలు ఎండ నేరుగా మంచం మీదికి వస్తుంది, సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. వాస్తు చూసుకునేవాళ్ళు ఈశాన్యం ఖాళీగా ఉంచుతారు కదా, అక్కడ నిజంగా ఖాళీగా ఉంచితే పొద్దుటి వెలుగు ఇంటి మధ్య దాకా వస్తుంది. ఈశాన్యం ఖాళీ అని చెప్పి అక్కడే చెప్పుల స్టాండు, సైకిలు, వాటర్ క్యాన్లు పెట్టేవాళ్ళే ఎక్కువ.

పాత ఇటుక గోడకు, మట్టి అడుసుతో కట్టిన గోడకు కొత్తగా కన్నం కొట్టేముందు తాపీ మేస్త్రీకి చూపించండి. పైన లింటెల్ లేకుండా కొట్టకూడదు. ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఫ్లాట్లలో ఉన్నవాళ్ళు ఈ ఆలోచనే పెట్టుకోవద్దు, అవి గోడలూ శ్లాబూ కలిపి ఒకే కాంక్రీటుగా పోసిన కట్టడాలు, గోడే బరువు మోస్తుంది.

పెంకుటిల్లు, మండువా

పెంకుటింట్లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, ఎందుకంటే కిటికీ కంటే కప్పు నుంచి వచ్చే వెలుగు చాలా ఎక్కువ, దాన్ని తెచ్చుకోవడం కూడా తేలిక. బంగాళా పెంకుల మధ్య గాజు పెంకులు పెట్టడం మన పెద్దవాళ్ళకు తెలిసిందే, ఇప్పుడు చాలామంది మర్చిపోయారు.

రాజోలు దగ్గర మా పిన్ని వాళ్ళది పాత పెంకుటిల్లు. ముందు వసారా, తర్వాత పడకగది, వెనక వంటిల్లు. పడకగదికి ఒకే కిటికీ, అదీ వసారాలోకి. వసారా చూరు మనిషి తలకు తగిలేంత కిందికి ఉంటుంది. కిటికీ తెరిచినా కనబడేది వసారా కప్పే తప్ప ఆకాశం కాదు, అందుకని మధ్యాహ్నం కూడా లైటు వేసుకునేవాళ్ళు. పెంకులు నేసే ఆయన్ని పిలిస్తే గదిలో పెట్టమంటారా అని అడిగాడు, మేం ముందు వసారాలో పెట్టమన్నాం. కిటికీకి ఎదురుగా, చూరు చివరి రెండు వరసలు వదిలేసి ఆ పైన నాలుగు గాజు పెంకులు పక్కపక్కనే. ఎండ వసారాలో పడుతుంది, వేడి అక్కడే బయటికి పోతుంది, తెల్ల నేల మీద పడిన వెలుగు మాత్రం కిటికీలోంచి గది కప్పు మీదికి ఎగిరి వస్తుంది. ఆ తర్వాత గదిలో ఆ సుద్దగీత అవతలి మూలకు ఒక్క పెంకు పెట్టించాం, అంతే. నిచ్చెన వేసి దిగేలోపు పని అయిపోయింది. పిన్ని మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకోవడం ఆ రోజు నుంచే మొదలుపెట్టింది.

మీరు పెట్టించేటప్పుడు కొన్ని చూసుకోవాలి. కంపెనీని బట్టి పెంకు గాడి మారుతుంది, కాబట్టి మీ కప్పు మీది పెంకొకటి దించి దుకాణానికి పట్టుకెళ్ళండి, లేకపోతే గాడి కలవక వానకు కారుతుంది. పది పన్నెండు అడుగుల గదికి నాలుగైదు మించి అక్కర్లేదు, ఎక్కువైతే వేసవిలో గది కొలిమి అవుతుంది. మంచానికి, టీవీకి సరిగ్గా పైన వద్దు. కప్పు కింద చెక్క అటకో సీలింగో ఉంటే ముందు దానికి దారి చేయాలి, లేకపోతే వెలుగంతా అటక మీది పాత సామానుకే. అన్నిటికంటే ముఖ్యం, పైన కొబ్బరి చెట్టు తల ఉన్న వైపు గాజు పెట్టకండి. ఒక్క మట్ట రాలితే చాలు. ఆ వైపే పెట్టక తప్పకపోతే గాజు బదులు అక్రిలిక్ పెంకు వేయించి, కొబ్బరికాయల దింపు తీసిన ప్రతిసారీ ఎండు మట్టలు కూడా తీయించండి.

రేకుల ఇల్లయితే ఒక రేకు బదులు అదే మడతలున్న, వెలుగు పోనిచ్చే పాలికార్బొనేట్ షీటు వేసుకోవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాన్ని కోసినా డ్రిల్లు వేసినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు విషం. ముక్క కోసి అతికించే పని పెట్టుకోవద్దు. నీళ్ళు చల్లి తడిపి, పగలకుండా రేకు మొత్తం దించి దాని స్థానంలో మొత్తం షీటు వేయించండి. కొత్త షీటుకు ఎండ తట్టుకునే పూత ఉన్న వైపు పైకి ఉండాలి, బిగించేవాళ్ళు తొందరలో తిరగేస్తారు, దగ్గరుండి చూసుకోండి. షీటును పట్టి ఉంచే జె హుక్కులు, వాషర్లు తక్కువ చేయనివ్వకండి. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళకు కప్పు ఎలా లేచిపోతుందో చెప్పక్కర్లేదు.

మండువా లోగిళ్ళలో ఇప్పుడు వానకీ కోతులకీ భయపడి మధ్య ఖాళీని మూసేస్తున్నారు. మూస్తే మూయండి గానీ నీలం రంగు రేకుతో మూయకండి, ఇంటి గుండెకాయ లాంటి వెలుగు అంతటితో పోతుంది. ఇనప గ్రిల్లు మీద తెల్లటి, పారదర్శకమైన షీటును చుట్టూ కప్పు కంటే అడుగు ఎత్తులో నిలబెట్టించండి. పక్కల నుంచి వేడిగాలి పోతుంది, వాన జల్లు తప్ప నీళ్ళు రావు. మండువా నేలను తెల్ల రాయితో గానీ లేత రంగు టైల్స్‌తో గానీ వేసుకుంటే చుట్టూ నాలుగు గదులకూ కింది నుంచి వెలుగు కొడుతుంది.

గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు

ఊళ్ళలో సెంటు, సెంటున్నర స్థలంలో కట్టిన ఇళ్ళు, పట్నాల్లో సందుల్లోని డాబాలు వేరే రకం. సెంటంటే 48 గజాల చిల్లర, అందులో చుట్టూ ఖాళీ ఏం వదులుతారు. కిటికీ తెరిస్తే మూడడుగుల్లో పక్కింటి గోడ. ఆ కిటికీకి ఆ గోడే ఆకాశం. అది సిమెంటు రంగులో నాచు పట్టి ఉంటే మీ గదిలోకి వచ్చేదీ ఆ నలుపే. పక్కింటివాళ్ళతో మాట్లాడి, మీ ఖర్చుతోనే, మీ కిటికీకి ఎదురుగా ఉన్న గోడ భాగాన్ని శుభ్రంగా తోమించి తెల్ల సున్నం కొట్టించండి. "అన్నయ్యగారూ, మీ గోడ కూడా బాగుపడుతుంది కదండీ" అంటే కాదనేవాళ్ళు తక్కువ. ఏడాదికోసారి ఆ ఒక్క గోడకు సున్నం కొట్టించే ఖర్చు, గదిలో పగలంతా లైటు వేసుకునే ఖర్చు ముందు ఏమీ కాదు. సందు నేల కూడా సిమెంటు చేయించి శుభ్రంగా ఉంచితే ఇంకా మంచిది.

వెనక గదికి బయటి గోడే లేకపోతే ముందు గది నుంచి పంపించాలి. మధ్య గోడలో పైన, కప్పుకు అడుగు కింద, అడుగున్నర ఎత్తున పొడవాటి కన్నం చేయించి గాజు బిగిస్తే ముందు గది వెలుగు వెనక గది కప్పు మీద పడుతుంది, ఎవరి గది వాళ్ళకే ఉంటుంది. డాబాకు మెట్లు ఇంట్లోంచి ఉంటే మెట్ల గది పైన తలుపు ఒక్కటే ఉంచి మిగతా గోడ గాజు ఇటుకలతో కట్టించండి. మెట్ల దారంతా తెల్లగా ఉంటే అక్కడి నుంచి హాల్లోకి వెలుగు దిగుతుంది.

చెట్ల విషయంలో తొందరపడి గొడ్డలి తీయకండి. పడమర వైపు మామిడి, కొబ్బరి ఉండబట్టే వేసవిలో ఇల్లు నిలబడుతోంది. తూర్పు, ఉత్తరం కిటికీల ముందున్న అరటి పిలకలు తీసి పక్కకు నాటండి, మామిడికి కాపు అయ్యాక కిటికీ ఎదురుగా ఉన్న కింది కొమ్మలు కొట్టించండి. కడియం నర్సరీలకు వెళ్ళి తెచ్చుకున్న కుండీలన్నీ కిటికీ గట్టు మీద పేర్చడం కూడా చూస్తుంటాను. మొక్కలంటే నాకూ ఇష్టమే, కానీ అవి కిటికీ పక్కన ఉండాలి, కిటికీలో కాదు.

రంగు వేసేముందు చెమ్మ

ఇది మన డెల్టాకు ప్రత్యేకమైన బాధ. నేలలో నీళ్ళు పైనే ఉంటాయి, కాలువల్లో నీళ్ళున్నన్నాళ్ళూ ఇంకా పైకి వస్తాయి. గోడ అడుగున రెండు మూడడుగుల దాకా చెమ్మ ఎక్కి, ఉప్పు పొడి రాలి, రంగు పొక్కులు లేస్తుంది. చెమ్మ గోడ నల్లగా కనబడుతుంది, గది ఇరుకుగా కనబడటానికి సగం కారణం అదే. దాని మీద ఖరీదైన ఎమల్షన్ వేస్తే ఒక్క వానాకాలం ఆగదు.

ముందు చెమ్మ ఎక్కడి నుంచో తెలుసుకోండి. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు పక్కలా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. గది వైపు తడిగా ఉంటే అది గాలిలోని తేమ, గాలి ఆడేలా చేస్తే తగ్గిపోతుంది. గోడలోంచి వస్తుంటే బయటికి వెళ్ళి చూడండి. సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి వీధి ఎత్తు పెరిగి ఇల్లు పల్లమైపోయిందా, పెరట్లో మట్టి పేరుకుని పునాది కప్పబడిందా, చూరు నీళ్ళు గోడ మొదట్లో పడుతున్నాయా, బాత్‌రూం గోడ అటు పక్కే ఉందా. మట్టి తవ్వి పునాది గట్టు మళ్ళీ కనబడేలా చేసి, చూరు నీటిని గొట్టంతో దూరంగా పంపితేనే చాలా ఇళ్ళలో సగం చెమ్మ తగ్గుతుంది. చెమ్మ గోడకు మూడడుగుల ఎత్తు టైల్స్ అంటించి కప్పేద్దాం అంటారు కొందరు మేస్త్రీలు, ఒప్పుకోకండి. లోపల ఆరడానికి దారి లేక చెమ్మ టైల్స్ దాటి ఇంకా పైకి ఎక్కుతుంది.

ఈ పనులన్నిటికీ మంచి సమయం దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక, కాలువలు కట్టేసిన రోజులు. ఏప్రిల్, మేలో గోడలు బాగా ఆరతాయి. ఉప్పు పొడిని పొడి బ్రష్షుతోనే రాల్చండి, నీళ్ళతో కడిగితే మళ్ళీ గోడలోకే పోతుంది. పాత ఇటుక, సున్నం గోడలకు నేనైతే సున్నమే చెబుతాను. అది గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది, బూజు పట్టనివ్వదు, చవక. బాగా నానబెట్టిన సున్నాన్ని గుడ్డలో వడగట్టి, కాస్త బంక, చిటికెడు నీలిమందు కలిపి పల్చగా మూడు పూతలు. చిక్కగా ఒకే పూత వేస్తే పెచ్చులు లేస్తుంది. కళ్ళలో పడకుండా చూసుకోవాలి, సున్నం కళ్ళకు చాలా ప్రమాదం. కొత్త సిమెంటు గోడలు, చెమ్మ లేని గోడలకైతే లప్పం పెట్టి మెరుపు లేని ఎమల్షన్ వేయించండి.

రంగు ఎంపికకు ఒక లెక్క చెబుతాను. మంచి తెలుపు తన మీద పడిన వెలుగులో సుమారు 80 శాతం తిరిగి ఇస్తుంది. మనవాళ్ళు ఇష్టపడే చిలకపచ్చ, కాషాయం లాంటి గాఢమైన రంగులు సగం కూడా ఇవ్వవు, మెరూన్, ముదురు నీలం పది పదిహేను శాతం దగ్గరే ఆగిపోతాయి. సుద్దగీత అవతలి మూలకు వెలుగు రావాలంటే రెండు మూడు గోడలకు తగిలి రావాలి కదా. తెల్ల గోడలకు మూడుసార్లు తగిలితే ఇంకా సగం మిగులుతుంది. సగమే తిరిగిచ్చే రంగుకు మూడుసార్లు తగిలితే మిగిలేది ఎనిమిదో వంతు. రంగు ఇష్టమైతే కిటికీ ఉన్న గోడకే వేసుకోండి, దాని మీద ఎలాగూ నేరు వెలుగు పడదు. కిటికీకి ఎదురు గోడ, పైకప్పు, కిటికీ చుట్టూ గోడ మందంలో ఉండే పక్కలు, ఇవి మాత్రం తెల్లగానో మీగడ రంగులోనో ఉండాలి. షాపులో కార్డు చూసి తేల్చకండి, పావు లీటరు తెచ్చి ఆ గదిలోనే చీకటి మూలన రెండడుగుల మేర పూసి పగలు, రాత్రి చూడండి. వంటింటి గోడకు పాత మసి ఉంటే వాషింగ్ సోడా కలిపిన నీళ్ళతో కడిగించి ఆరాకే రంగు, లేకపోతే మరక పైకి తేలుతుంది. వంటగట్టు నల్ల కడప రాయి అయితే దాన్ని మార్చక్కర్లేదు, వెనక గోడకు తెల్ల టైల్స్ వేస్తే చాలు.

సామాను, నేల

ఇల్లు ఎంత పెద్దదిగా అనిపిస్తుందనేది కంటికి ఎంత నేల కనబడుతుందన్న దాని మీద ఉంటుంది. పదడుగుల చదరం గదిలో ఆరు బై ఆరున్నర డబుల్ కాట్ వేస్తే వంద చదరపు అడుగుల్లో ముప్పై తొమ్మిది అక్కడే పోతాయి. అవసరం లేనిచోట నవారు మంచం, నులక మంచం వేసుకుని పగలు గోడకు నిలబెట్టడం మన ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నదే. డబుల్ కాట్ కావాల్సిందే అనుకుంటే కాళ్ళు ఎత్తుగా, కింద ఖాళీగా ఉన్నది తీసుకోండి.

బీరువాను కిటికీ గోడకు పక్కన పెట్టి, దాని తలుపు అద్దం కిటికీ వైపు చూసేలా తిప్పండి. అద్దం తనకు కనబడేదాన్నే చూపిస్తుంది, చీకటి మూలను చూసే అద్దం రెండో చీకటి మూలను ఇస్తుంది. ఎక్కడ పెట్టాలో తెలియకపోతే ఒకరిని అద్దం పట్టుకోమని, మీరు చీకటి భాగంలో కూర్చుని దాన్లో ఆకాశం కనబడే చోటు వెతకండి.

పాత ఇళ్ళలో వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఒకే వరసలో ఉంటాయి. ఆ వరసలో ఏదీ పెట్టకండి, ఫ్రిజ్జూ, కుట్టుమిషనూ, తిండి గింజల బస్తాలూ ఏవీ. వీధిలోంచి చూస్తే పెరట్లో మొక్క కనబడాలి. ఇంట్లో గాలి కూడా ఆ దారినే ఆడుతుంది. బస్తాలు పక్క గోడకు అర అడుగు ఎడంగా, చెక్క బల్ల మీద ఉంటే చెమ్మా పట్టదు. అటకలకు తలుపులు చేయించి గోడ రంగే వేయిస్తే పైన బరువు కనబడదు. పెద్దవాళ్ళ ఫొటోలు, దేవుడి పటాలు నాలుగు గోడల మీదా చెదిరి ఉంటే అన్నిటినీ ఒకే గోడ మీదికి దగ్గరగా చేర్చండి, మిగతా మూడు గోడలూ విడుదలవుతాయి.

నేల నల్ల రాయిదైతే కిటికీ ముందు వెలుగు పడే చోట లేత రంగు చాప పరవండి. గదంతా పరవక్కర్లేదు.

ఇక లైట్లు

పది పన్నెండు అడుగుల గదికి సాయంత్రం మామూలు పనులకు సుమారు 1,600 నుంచి 2,000 ల్యూమెన్ల వెలుగు చాలు, అంటే ఒక 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు ఇచ్చేంత. అయితే అదంతా ఒకే గోడ నుంచి వస్తే ఎదురు మూలలు చీకటిగానే ఉండి గది ముడుచుకుపోతుంది. అదే వెలుగును రెండు 9 వాట్ల బల్బులుగా చేసి ఎదురెదురు మూలల్లో, గోడ మీద పడేలా పెట్టండి, మూలలు కనబడగానే గది పెరిగినట్టుంటుంది. కొనేటప్పుడు పెట్టె మీద ల్యూమెన్లు (ఎంత వెలుగు), కెల్విన్ (వెలుగు ఏ రంగు) రెండూ చూడండి. 6500 కెల్విన్ నీలంగా, ఆసుపత్రిలా ఉంటుంది. 4000 దగ్గర ఉన్నది ఇంటికి హాయిగా ఉంటుంది, పడకగదికి 3000 కూడా బాగుంటుంది. బల్బు ఫ్యాను రెక్కలకు పైన ఉంటే గదంతా నీడలు కొట్టుకుంటూ తలనొప్పి వస్తుంది, పక్కకు జరిపించండి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకు గోడ కొట్టే వీలు ఉండదు, కప్పు ముట్టుకునే వీలు ఉండదు. వాళ్ళు మెష్ కడగడం, కర్టెన్ రాడ్డు మార్చడం, బీరువా జరపడం, దండెం తీసేయడం, కిటికీకి ఎదురుగా తెల్ల దుప్పటి పరిచిన మంచం వేయడం, ఈ ఐదూ ఒక ఆదివారం చేసేయొచ్చు. సున్నం ఖర్చు మాదే అంటే చాలామంది ఇంటివాళ్ళు ఒప్పుకుంటారు, ఒక్క కిటికీ ఎదురు గోడకైనా అడిగి చూడండి.